అడవి అల్లం దుంపలు పంపించినా, పాపా

పాపా,

నువ్వడిగిన దుంపలు మూడు పాత పేపర్లో చుట్టి బస్సు పార్సిల్లో వేసినాను. అనంతపురం బస్టాండులో తీసుకో. ఎండిన కట్టెముక్కల్లా ఉన్నాయని పారేసేవు. గోటితో గీకి చూడు, లోపల లేత పసుపు రంగు కనిపిస్తుంది, అల్లం కన్నా ఘాటైన వాసన వస్తుంది. టీలో వేస్తే మాత్రం చేదు. మీ పెదనాయన ఒకసారి వేసుకుని, రెండో గుక్క తాగలేదు.

మూలికల అంగట్లో అడవి అల్లం అంటే ఒకరు కచ్చూరాలిస్తారు, ఇంకొకరు కస్తూరి పసుపు ఇస్తారు. అన్నీ దీని చుట్టాలే కానీ ఇది వేరు. నర్సరీలో అడగాల్సి వస్తే జింజిబర్ జెరుంబెట్ అని చెప్పు, షాంపూ జింజర్ అన్నా తెలుస్తుంది. అడవిలో తవ్వుకుంటాననే ఆలోచన పెట్టుకోవద్దు. గడ్డపార పట్టుకుని కడప జిల్లా లంకమల అడవి వైపు పోతే ఎర్రచందనం దొంగవనుకుంటారు. అభయారణ్యంలో దుంప తవ్వడం ఎట్లాగూ తప్పే.

జూన్‌లో నాటు. వెడల్పాటి కుండీలో ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పేడ ఎరువు కలిపి రెండు వేళ్ల లోతున పెట్టు. కుండీని మేడమీద కడప బండల మీద పెడితే వేళ్లు ఉడికిపోతాయి, వేపచెట్టు నీడలో పెట్టు. మీకు వాన సెప్టెంబరు దాకా సరిగా పడదు కాబట్టి అప్పటిదాకా నువ్వే తడపాలి.

సంక్రాంతి నాటికి ఆకులు పసుపు తిరిగి కాడలు పడిపోతాయి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడు చెట్టు చచ్చిపోతోందని టెన్షన్ పడి రోజూ చెంబుడు నీళ్లు పోసినాను. శివరాత్రికి తవ్వి చూస్తే దుంపలు చేతిలో జావలా జారిపోయినాయి. అది చావడం కాదు, నిద్ర. ఎండాకాలమంతా కుండీని ఒక మూలకు తోసి మర్చిపో.

వానాకాలం చివర్లో ఆకుల పక్కనే నేలలోంచి వేరే కాడ లేస్తుంది. దాని కొసన పొలుసులు పొలుసులుగా పచ్చటి కంకి ఉంటుంది, మెల్లగా ఎర్రబడుతుంది. పొలుసుల సందుల్లో ఒకటీ రెండూ లేత పసుపు పూలు తొంగిచూస్తాయి. ఎర్రబడినాక కంకిని తుంచకుండా గిన్నెలోకి వంచి మెల్లగా నొక్కు, కలబంద గుజ్జు కన్నా పలుచని జిగురు నీళ్లు కారుతాయి. ముందు చీమలు దులుపు, నేను ఒకసారి దులపకుండా తలకు రాసుకుని ఎగిరినాను.

పేరుకు షాంపూ అయినా అంత నురగ రాదు, నూనె జిడ్డు పోదు. దానికి మన కుంకుడుకాయే. తలంటుకున్నాక ఈ జిగురు రాసి పది నిమిషాలుంచి కడిగితే వెంట్రుకలు చిక్కు పడవు. హవాయి దీవుల్లో పాతకాలం నుంచి ఇదే వాడకం. పసిఫిక్ సముద్రంలోని పాలినీషియా దీవుల నావికులు ఈ దుంపల్ని పడవల్లో వేసుకుని అక్కడిదాకా తీసుకుపోయినారట. ఎండిన దుంప పొడిని బట్టల మడతల్లో చల్లుకునేవాళ్లు. నేనూ నాలుగు ముక్కలు గుడ్డలో కట్టి బీరువాలో పెట్టినాను, పట్టుచీరలకు మంచి వాసన.

ఇక మందు సంగతి. హవాయిలో పంటినొప్పికీ, బెణుకులకూ దుంప దంచి పెట్టేవాళ్లు. మలేసియాలో లెంపోయాంగ్ అని కడుపునొప్పికి వాడతారు. దీని నూనెలో జెరుంబోన్ అనే పదార్థం మీద ప్రయోగశాలల్లో చాలా పరీక్షలు చేసినారు. అవి ఎక్కువగా ఎలుకల మీదా, గాజు పళ్లేల్లో పెంచిన కణాల మీదా చేసినవి. యూట్యూబ్‌లో క్యాన్సర్ తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మి మీ నాయన షుగర్ మాత్రలు ఆపనీయొద్దు. మీ వదినకు నెలలు నిండుతున్నాయి, ఆమెకు కషాయం ఇవ్వొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకూ వద్దు. నువ్వు కూడా ముందు మోచేతి లోపల రాసి ఒకరోజు చూసుకో, దురద వస్తే అంతటితో వదిలెయ్.

పార్సిల్ సంచి పారేయొద్దు. మీ నాయన ప్రొద్దుటూరు వచ్చేటప్పుడు దాంట్లోనే చెనక్కాయలు పంపు.

మీ పెద్దమ్మ