యాభైల నాటి ఎల్పీలు (లాంగ్ ప్లే రికార్డులు): మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1950ల బెస్ట్ ఆల్బమ్స్ అని ఏ లిస్టు చూసినా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పైనే కనిపిస్తోందండీ. రెండుసార్లు విన్నాను, హాయిగానే ఉంది గానీ అంతలా మెచ్చుకోడానికి అందులో ఏముందో అంతుపట్టలేదు. కాస్త చెప్తారా?

జవాబు: హాయిగా ఉంది అన్నారు చూశారా, అసలు ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. అప్పటిదాకా జాజ్‌లో కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, గబగబా మారిపోతుండేవి, సోలో వాయించేవాడు వాటి వెనక పరిగెత్తాల్సిందే. మైల్స్ ఆ పరుగు ఆపేశాడు. మొదటి ట్రాక్ ‘సో వాట్’ తీసుకోండి, 32 బార్ల (మన తాళంలో ఆవర్తాల్లాంటి కొలతలు) ట్యూన్, దానికి రెండే స్కేల్స్, అంటే స్వరాల వరసలు, అదీ ఒకే స్కేల్‌ని మధ్యలో 8 బార్లు అర స్వరం పైకి జరిపి మళ్లీ కిందికి తెచ్చేస్తారు, అంతే. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇంకో మాట చెప్తా, ఆ స్కేల్ స్వరాలు అచ్చం మన ఖరహరప్రియవే. గమకాలుండవు, రాగం అనలేం, కానీ ఉన్న కొద్ది స్వరాల్లోనే నిదానంగా తిరుగుతూ ఏం చెప్పగలవో చెప్పు అనే పద్ధతి మాత్రం ఆలాపన వినే చెవికి కొత్తేం కాదు.

ఈసారి వినేటప్పుడు ఒక్క పని చేయండి. ‘సో వాట్’లో సోలోలు వరసగా మైల్స్, శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, ఆ తర్వాత పియానో మీద బిల్ ఎవాన్స్. మైల్స్ ఎంత ఖాళీ వదులుతాడో గమనించండి, కోల్ట్రేన్ వచ్చి ఆ ఖాళీ అంతా ఎలా నింపేస్తాడో చూడండి, ఆ వెంటనే ఆడర్లీ అదే చోట ఎంత సరదాగా వాయిస్తాడో. అవే రెండు స్కేల్స్, ముగ్గురూ మూడు రకాల మనుషులు! నాకైతే ఈ ఆల్బమ్ గొప్పతనం మొత్తం ఇక్కడే ఉందనిపిస్తుంది. న్యూయార్క్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా 30వ వీధి స్టూడియోలో 1959 మార్చి 2న కొంత, ఏప్రిల్ 22న మిగతాది, రెండే సిట్టింగుల్లో రికార్డింగ్ అయిపోయింది. ఇంకో విచిత్రం, అదే కోల్ట్రేన్ రెండు వారాలు తిరక్కుండానే మే నెలలో ‘జెయింట్ స్టెప్స్’ రికార్డ్ చేశాడు, అది పూర్తిగా దీనికి రివర్స్, కార్డ్స్ ఊపిరాడనివ్వనంత స్పీడ్‌గా మారుతుంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఏం వదిలేసిందో అప్పుడు తెలుస్తుంది.

అన్నట్టు మీరు ఏదైనా వాయిద్యం వాయిస్తే ఇది గుర్తుంచుకోండి. పాత ప్రెస్సింగుల్లో, అంటే అప్పట్లో అచ్చయిన రికార్డుల్లో, మొదటి సైడు కొంచెం స్పీడ్‌గా, అంటే శ్రుతి కాస్త పైకి ఉంటుంది, టేప్ మెషిన్ లోపం వల్ల. దాన్ని 1992లో గానీ సరిచేయలేదు.

ప్రశ్న: 1950లకి ముందు మంచి ఆల్బమ్సే లేవా? లిస్టులన్నీ అక్కడినుంచే ఎందుకు మొదలవుతాయి?

జవాబు: మంచి పాటలకి కొదవ లేదు, చోటే లేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక పక్క మూడు నాలుగు నిమిషాలే పట్టేది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఒక్కో సైడు ఇరవై నిమిషాలు దాటింది. దాంతో పాటల్ని ఒక మూడ్‌లో, ఒక వరసలో పేర్చొచ్చు అనే ఆలోచన బలపడింది. ఫ్రాంక్ సినాట్రా 1955లో చేసిన ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’ వినండి, నెల్సన్ రిడిల్ ఆర్కెస్ట్రా, 16 పాటలు, అన్నీ అర్ధరాత్రి ఒంటరితనమే. మధ్యలో ఒక్క హుషారు పాట కూడా పెట్టలేదు, ఆ పట్టుదలకే దండం పెట్టాలి.

ప్రశ్న: జాజ్ నాకు పడదు. వేరే ఏమైనా చెప్పండి.

జవాబు: బోలెడున్నాయి. పియానో ఇష్టమైతే గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’. 1955లో రికార్డ్ చేసేనాటికి అతనికి 22 ఏళ్లు, స్టూడియో పైన చెప్పిన 30వ వీధిదే. 1981లో మళ్లీ అక్కడే వాయించాడు, ఈసారి చాలా నిదానంగా. నా ఓటు మొదటిదానికే. ఆపెరా అయితే మిలాన్‌లో 1953లో మరియా కాలస్ పాడిన ‘టోస్కా’. హిందుస్తానీ కావాలంటే అలీ అక్బర్ ఖాన్ సరోద్ ఎల్పీ ఉంది, 1955లో అమెరికాలో వచ్చింది, వయొలినిస్ట్ యెహుదీ మెనుహిన్ మాటల్లో పరిచయంతో మొదలవుతుంది.

ప్రశ్న: ఈ లిస్టులని ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: వినడం మొదలుపెట్టడానికి చాలు, అంతకుమించి వద్దు. 1956లో వచ్చిన గాయకుడు హ్యారీ బెలఫాంటె ‘కాలిప్సో’ అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో 31 వారాలు నంబర్ వన్‌గా ఉంది, కానీ విమర్శకుల లిస్టుల్లో ఎక్కడో అడుగున కనిపిస్తుంది. జనం అంతగా విన్నదాన్ని అంత తక్కువ చేయడం నాకు అన్యాయమే అనిపిస్తుంది.

ప్రశ్న: న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం ఇచ్చిన కచేరీ అని చెప్పే ‘ఎలింగ్టన్ ఎట్ న్యూపోర్ట్’ నిజంగా లైవ్ రికార్డేనా?

జవాబు: 1956లో అమ్మిన ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించిందే. పాల్ గొన్సాల్వెస్ 27 కోరస్‌ల (ట్యూన్ మొత్తం ఒకసారి తిరిగితే ఒక కోరస్) శాక్సఫోన్ సోలో మాత్రం స్టేజి మీదదే, కాకపోతే ఆయన పొరపాటున వేరే మైకు ముందు నిలబడటంతో దూరంగా వినపడేది. ఆ మైకు వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్లది, వాళ్ల టేపు దొరికాక 1999లో దాన్నీ కొలంబియా టేపునీ కలిపి మొత్తం కచేరీ విడుదల చేశారు. కొంటే అదే కొనండి.