టైరోన్ ఐర్లండ్ కౌంటీల జాబితాలో ఎందుకు కనిపించడం లేదు: సమాధానం

నమస్తే అండీ. 1906 నాటి ఓడ రికార్డులో మీ వారి ముత్తాత గారి పేరు ఎదురుగా, చివరి నివాసం అనే గడిలో ‘టైరోన్’ అని ఉందనీ, ఐర్లండ్ 26 కౌంటీల జాబితాలో అది లేదు కాబట్టి మనిషి పేరేమో అనీ రాశారు. ఆ గడిలో ఉన్నది కౌంటీయే, అంటే మన జిల్లా లాంటి ప్రాంతం. 1921 విభజనలో ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండ్‌గా బ్రిటన్ కింద ఉండిపోయాయి, అందులో టైరోన్ ఒకటి. ముఖ్య పట్టణం ఓమా. 1973లో కౌంటీ పాలన రద్దయింది కాబట్టి ఇప్పటి కౌన్సిళ్ల పేర్లలోనూ దొరకదు. అయినా అక్కడివాళ్లు ఈనాటికీ టైరోన్ వాళ్లమనే చెప్పుకుంటారు, గేలిక్ ఫుట్‌బాల్ జట్టూ ఆ పేరుతోనే ఆడుతుంది.

మీ అనుమానం అసహజమేమీ కాదు. టైరోన్‌కు ఐరిష్ భాషలో మూలమైన ‘టీర్ ఓయిన్’ అంటే ఓయిన్ అనే ఆయన నేల. మనిషి పేరు నేలకు వచ్చి, ఆ నేల పేరు మళ్లీ మనుషులకు వచ్చింది! నటుడు టైరోన్ పవర్ (1797–1841), అదే పేరున్న ఆయన మునిమనవడు, హాలీవుడ్ నటుడు (1914–1958), దీనికి బాగా ప్రచారం తెచ్చారు. పెద్దాయన పుట్టింది మాత్రం వాటర్‌ఫర్డ్ కౌంటీలో. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆ పేరుంటే, దాన్ని బట్టి సొంతూరు తేల్చకండి.

ముందు 1901 జనాభా లెక్కలు చూడండి. ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం, విభజనకు ముందువి కాబట్టి 32 కౌంటీలూ ఉంటాయి. ఇంటిపేరు, కౌంటీ ఇస్తే కుటుంబం ఉన్న టౌన్‌లాండ్, అంటే పల్లె స్థాయి వరకు దొరుకుతుంది. అది తెలిశాక బెల్‌ఫాస్ట్‌లోని ఉత్తర ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో చర్చి రిజిస్టర్లు వెతకండి. 1901కి ముందు జనాభా లెక్కలు చాలావరకు మిగల్లేదు: 1821–1851 నాటివి చాలావరకు 1922లో డబ్లిన్ రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు పోయాయి, 1861–1891 నాటివి అంతకు ముందే ప్రభుత్వం నాశనం చేసింది. కాబట్టి అంతకు ముందు తరాలకు ఈ రిజిస్టర్లు ముఖ్యమైన ఆధారం. టౌన్‌లాండ్ పేరు దొరికితే ఇక్కడ పెట్టండి, ఏ పారిష్ (చర్చి పరిధి) కిందికి వస్తుందో కలిసి చూద్దాం.