చెవి మిషన్‌లో తంబురా ఎందుకు వణుకుతుంది?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కచేరీల్లో వయొలిన్ వాయిస్తాను. నాలుగేళ్లుగా వినికిడి తగ్గుతోంది. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగానే వినిపిస్తున్నాయి గానీ తంబురా కాసేపటికి సన్నగిల్లిపోతోంది. తారస్థాయిలో నిలిపిన స్వరం వణుకుతోంది, ఒక్కోసారి అపశ్రుతిగా ఉంటోంది. ఇక వాయించడం మానేయాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మానకండి. ఇవన్నీ మిషన్ వల్ల వచ్చేవే కావచ్చు. దాన్ని తయారుచేసింది మాటల కోసం. ఆగకుండా ఒకేలా మోగే తంబురాను అది ఫ్యాను చప్పుడు కింద జమకట్టి తగ్గించేస్తుంది. నిలిపిన తారస్వరాన్ని తన లోపలి కూత అనుకుని చెరపబోతుంది, వణుకు అక్కడ పుడుతుంది. హెచ్చు పౌనఃపున్యాలను కిందికి దించే ఏర్పాటు కూడా ఆన్‌లో ఉంటే హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగే పై పౌనఃపున్యాలు) చోటు తప్పుతాయి.

వయొలిన్, శ్రుతిపెట్టె వెంట తీసుకుని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గరికి వెళ్లండి. సంగీతానికి విడిగా రెండో ప్రోగ్రామ్ పెట్టమనండి. అందులో ఈ మూడు ఏర్పాట్లూ ఆపేయాలి. మైకులు అన్ని వైపుల నుంచీ వినాలి. కంప్రెషన్ (చిన్న, పెద్ద ధ్వనుల తేడాను కుదించే ఏర్పాటు) బాగా తగ్గాలి, లేకపోతే చిన్న పలుకూ పెద్ద పలుకూ ఒకే ఎత్తున వినిపించి గమకం చదునవుతుంది. కూత అదుపు ఆపినప్పుడు మిషన్ నిజంగానే కూస్తే చెవి అచ్చు (చెవి రంధ్రంలో కూర్చునే ముక్క) వదులుగా ఉన్నట్టు. అది మార్పించుకోవాలి.

అక్కడే షడ్జం 30 సెకన్లు నిలిపి చూడండి. తర్వాత గట్టిగా వాయించండి. ధ్వని బొంగురుపోతే వాల్యూమ్ తగ్గించి లాభం లేదు, అది మైకు దాటగానే చెడిపోతోంది. మైకు రంధ్రాల మీద సెల్లోటేపు రెండు మూడు పొరలు అంటిస్తే లోపలికి వెళ్లే ధ్వనే తగ్గుతుంది. పాత మిషన్లకు ఈ ఉపాయం బాగా పనికొస్తుంది.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. వయొలిన్ స్వరాల మూల పౌనఃపున్యాలు దాదాపుగా 2,000 హెర్ట్జ్ లోపే ఉంటాయి. సంగీతకారులకు వచ్చే వినికిడి నష్టం తరచూ 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య మొదలవుతుంది. అంటే ముందు పోయేది శ్రుతి కాదు, నాదంలోని మెరుపు. అది వినపడక కమాను మీద ఒత్తిడి పెంచుతారు, వినేవాళ్లకు గరగరలాడుతుంది. వారానికోసారి రికార్డు చేసి, మంచి చెవి ఉన్న శిష్యులకు వినిపించి, కమాను బరువు గురించే అడగండి. ఒకే స్వరం రెండు చెవులకూ వేర్వేరుగా వినిపిస్తుంటే తీగలను ట్యూనర్ చూసి సరిచేసుకోండి.

ప్రశ్న: మాది డోలు, సన్నాయి మేళం. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలా?
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: చాలదు. దూది ఆపేదే కొంచెం, అదీ హెచ్చు ధ్వనులనే, అందుకే మేళం ముద్దగా వినిపిస్తుంది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు పరిమితి. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. అన్ని ధ్వనులనూ సమంగా 15 డెసిబెల్స్ తగ్గించే సంగీతకారుల ప్లగ్గులు దొరుకుతాయి. సన్నాయి వాయించేవారు ఆ ప్లగ్గుల కోసం చెవి అచ్చు లోతుగా తీయమనాలి, లేకపోతే తమ ఊదుడే తలలో హోరెత్తుతుంది.

ప్రశ్న: కూచిపూడి నర్తకిని. నట్టువాంగం తాళాలు సరిగా వినపడటం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తాళాల గణగణ హెచ్చు పౌనఃపున్యం, అందుకే ముందు జారిపోతుంది. మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ ముఖం) పలుకును ఆధారం చేసుకోండి. మృదంగ విద్వాంసులు మీ కంటికి ఆనేలా కూర్చోవాలని ముందే మాట్లాడుకోండి. చెక్క వేదికైతే కంపనం పాదాలకు అందుతుంది, సిమెంటు మీద అందదు. వినికిడి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పడిపోతే మాత్రం రిహార్సల్ ఆపి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.