అన్నీ వదిలేసి వచ్చేయొచ్చు కదా అని అడిగినవారికి

"బహుభార్యత్వం పాటించే మత సమాజాల్లో చదువుకున్న ఆడవాళ్లు కూడా ఎందుకు ఉండిపోతారు?" అని అడిగారు. నేను ఆ సమాజపు మనిషిని కాదు. మావారి ఉద్యోగం వల్ల అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీ దగ్గర నాలుగేళ్లున్నాం. అలాంటి సమాజం నుంచి పారిపోయి వచ్చిన కరోలిన్ జెసప్ ఆత్మకథ 'ఎస్కేప్' (2007) అక్కడ ఉండగానే చదివాను. అంతవరకూ ఇదే ప్రశ్న నేనూ అడిగేదాన్ని.

ముందొక మాట. మార్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. వాళ్లందరికీ నలుగురేసి భార్యలుంటారనుకోకండి. వాళ్ల ప్రధాన చర్చి 1890లోనే ఆ ఆచారాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటించింది. తెలియక మా పక్కింటావిడని అడిగేశాను, రెండ్రోజులు ముభావంగా ఉంది పాపం. కరోలిన్ పుట్టింది దాన్ని వదలని చీలికవర్గంలో. ఎఫ్ఎల్‌డీఎస్ అంటారు. యూటా, అరిజోనా సరిహద్దుకు అటొకటీ ఇటొకటీ ఉన్న హిల్‌డేల్, కొలరాడో సిటీ చాలాకాలం వాళ్ల ఊళ్లుగా ఉండేవి.

గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచుకి వెళ్తూ ఒకసారి ఆ దారినే పోయాం. దగ్గర్లోని ఒక షాపులో ఒకమ్మాయి కనబడింది. పాతికేళ్లుంటాయేమో. మడమల దాకా లేత నీలం గౌను, మెడవరకూ బొత్తాలు, కింద మాత్రం పరుగుపందేనికి వేసుకునేలాంటి బూట్లు. వెనకాల అదే తానులోంచి కుట్టిన గౌన్లతో ముగ్గురు ఆడపిల్లలు. పాల డబ్బాలు పెద్దవి పదో పన్నెండో తోపుడుబండిలో పెట్టుకుంటోంది. నేను నవ్వితే ఆమె కూడా నవ్వింది. "కీప్ స్వీట్" అన్నది వాళ్లకి చిన్నప్పట్నుంచీ నూరిపోసే మాటని తర్వాత చదివాను. లోపల ఏమున్నా పైకి తియ్యగా ఉండాలన్నమాట. ఆ నవ్వు నాకోసం నవ్విందో అలవాటుగా నవ్విందో ఇప్పటికీ తేలలేదు.

కరోలిన్‌కి డాక్టరవ్వాలని కోరిక. పద్దెనిమిదేళ్లప్పుడు కాలేజీకి అనుమతి అడిగితే, ముందు పెళ్లి చేసుకోమన్నారు. అక్కడ ఎవరికెవరో చెప్పేది వాళ్లు ప్రవక్తగా కొలిచే పెద్ద. అలా ఏమాత్రం పరిచయం లేని యాభై ఏళ్ల మనిషికి నాలుగో భార్య అయింది. తర్వాత టీచరైంది కానీ జీతం మీద పెత్తనం భర్తది. అప్పట్లో ఇళ్లూ స్థలాలూ వర్గం ట్రస్టువి. ఊరి పోలీసులూ ఆ మతంవాళ్లే. ఇక ఫిర్యాదు ఎవరికి చేస్తుంది?

నాకు వీటన్నిటికన్నా బాగా అర్థమైంది సవతుల సంగతి. మా నాన్నగారి నాయనమ్మ రెండో పెళ్లామే, చట్టం అడ్డురాని రోజుల్లో. కొట్టుగది తాళాలు మాత్రం ఎప్పుడూ పెద్దావిడ మొలలోనే ఉండేవిట. పిల్లలకి బెల్లంముక్క కావాలన్నా ఆవిడ మొహం చూడాల్సిందే. 'ఎస్కేప్'లోనూ అదే కథ, కాకపోతే దానికి దేవుడి ముద్ర వేశారు. భర్త దగ్గర ఏ భార్యకి మాట చెల్లుతుందో ఆమె పిల్లలకే ఇంట్లో విలువ. ఎదురు చెబితే దెబ్బ తగిలేది పిల్లలకి. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతుంటే కాపలాకి వేరే మనుషులెందుకు?

అందుకే ధైర్యం ఒక్కటే చాలదంటాను. 2003 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఎనిమిదిమంది పిల్లలతో పారిపోయేటప్పటికి ఆమె దగ్గరున్నవి 20 డాలర్లు. పిల్లల్లో ఒకడు తీవ్రమైన వైకల్యం ఉన్నవాడు. పిల్లల కోసం కోర్టుకెక్కి, పూర్తి హక్కు తెచ్చుకుంది. ఆ వర్గంతో అలాంటి వ్యాజ్యంలో గెలిచిన మొదటి స్త్రీ ఆమేనట. అప్పటి ప్రవక్త వారెన్ జెఫ్స్‌కి మైనరు బాలికలపై అత్యాచారాల కేసుల్లో 2011లో టెక్సస్‌లో యావజ్జీవం పడింది. హిల్‌డేల్‌కి 2017లో మొదటిసారి ఒక స్త్రీ మేయరుగా ఎన్నికైంది, ఆవిడ కూడా ఆ వర్గాన్ని వదిలొచ్చిన మనిషే.

కరోలిన్ ఇంత చేసి తెచ్చుకున్న పిల్లల్లో పెద్దకూతురు పద్దెనిమిదేళ్లు నిండగానే మళ్లీ అక్కడికే వెళ్లిపోయింది.