స్కానర్ కోర్సు ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉంది. కార్లలో ఈసీయూల (ఇంజిన్, బ్రేకులు వంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్ల) మధ్య కమ్యూనికేషన్ ఫాల్టులు పట్టే పనిలో స్థిరపడతానంటోంది. స్కానర్ వాడకం నేర్పే చిన్న కోర్సు చేయిస్తే చాలా?

జవాబు: చాలదు. ఎంచుకున్న దారి మాత్రం మంచిదే. స్కానర్‌ను బండికి తగిలించి, ఈసీయూలు దాచుకున్న ఫాల్టు కోడ్ చదవడం ఎవరికైనా తొందరగానే వస్తుంది. ఆ కోడ్ ఎందుకొచ్చిందో తేల్చేవాళ్లే తక్కువ.

యూ0100 కోడ్‌నే తీసుకోండి. ఇంజిన్ మాడ్యూల్‌తో (మాడ్యూల్ అన్నా ఈసీయూ అన్నా ఇక్కడ ఒకటే) సంబంధం తెగిందని దానర్థం. చాలామంది వెంటనే ఆ మాడ్యూల్‌నే మార్చేస్తారు. నిజానికి అది ఏబీఎస్, గేర్‌బాక్స్ వంటి మిగతా మాడ్యూళ్లు రాసిపెట్టుకున్న ఫిర్యాదు. ఇంజిన్ మాడ్యూల్ ఫ్యూజు పోయినా, ఎర్త్ దగ్గర తుప్పు పట్టినా, కనెక్టర్‌లోకి నీళ్లు చేరినా ఇదే కోడ్ రావచ్చు. బ్యాటరీ బలహీనపడి, స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ పడిపోయినా ఈ కోడ్ పడొచ్చు. అందుకే ముందు కోడ్‌లు రాసుకుని, చెరిపేసి, మళ్లీ వస్తున్నాయో లేదో చూడాలి. మాడ్యూల్ మారిస్తే ప్రోగ్రామింగ్, ఇమ్మొబిలైజర్ (బండి దొంగతనాన్ని అడ్డుకునే లాక్) మ్యాచింగ్ కూడా చేయాల్సి వస్తుంది కాబట్టి ఇక్కడ ఊహ మీద పని చేస్తే నష్టం పెద్దది.

మీ అమ్మాయి మొట్టమొదట నేర్వాల్సింది వైరింగ్ డయాగ్రమ్ చదవడం. స్కానర్‌కి జవాబిస్తున్న మాడ్యూళ్లేవి, ఇవ్వనివేవి అని డయాగ్రమ్ మీద గుర్తు పెట్టుకోవాలి. ఒక్కటే పలకకపోతే దాని సప్లై, ఎర్త్, దానికి వెళ్లే కొమ్మ వైర్లు చూడాలి. ఒక వైపువన్నీ పలకకపోతే మాడ్యూళ్లను కలిపే ప్రధాన లైన్ మధ్యలో తెగి ఉండొచ్చు. ఏదీ పలకకపోతే లైన్ ఎక్కడో షార్ట్ అయింది, లేదా ఏదో మాడ్యూల్ లైన్‌ను పాడుచేస్తోంది. సగం కేసులు ఈ కాగితం పనితోనే ఒక దారికొస్తాయి.

తర్వాత మల్టీమీటర్. మాడ్యూళ్లు మాట్లాడుకునే ఆ లైన్ పేరు క్యాన్; అందులో హై, లో అని రెండు వైర్లుంటాయి. 16 పిన్నుల డయాగ్నొస్టిక్ సాకెట్‌లో 6వ పిన్ క్యాన్ హై, 14వది క్యాన్ లో. బ్యాటరీ టెర్మినల్ తీసి ఈ రెంటి మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండడమే కారణం. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి, 40 వస్తే మూడో రెసిస్టర్ ఎక్కడో చేరింది. తప్పు మాడ్యూల్ బిగించినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోట్లు రెండున్నాయి. ఆ రెసిస్టర్లు తరచూ మాడ్యూళ్ల లోపలే ఉంటాయి. అలాంటి మాడ్యూల్ ప్లగ్ పీకగానే రీడింగ్ 120 అవుతుంది; అది ఫాల్టు కాదు. రెండోది గేట్‌వే, అంటే వేర్వేరు లైన్ల మధ్య సందేశాలు అటూఇటూ చేర్చే మాడ్యూల్. కొత్త వాహనాలు చాలావాటిలో సాకెట్ గేట్‌వే వరకే కలిసి ఉంటుంది. సాకెట్‌లో 60 చూపినంత మాత్రాన లోపలి లైన్లు బాగున్నట్టు కాదు.

ఇగ్నిషన్ వేశాక లైన్ ఖాళీగా ఉన్న క్షణంలో రెండు వైర్లూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. సందేశం పంపేటప్పుడు హై 3.5కి ఎక్కుతుంది, లో 1.5కి దిగుతుంది. మల్టీమీటర్ సగటే చూపుతుంది కాబట్టి హై 2.5కి కాస్త పైన, లో కాస్త కింద కనిపిస్తే ప్రాథమికంగా సరే. ఏదైనా సున్నా దగ్గర, లేదా బ్యాటరీ వోల్టేజీ దగ్గర బిగుసుకుపోతే షార్ట్‌ని అనుమానించాలి. వచ్చీపోయే ఫాల్టులు మీటర్‌కి దొరకవు. రెండు ఛానళ్ల ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పులను తెర మీద తరంగంగా చూపే పరికరం) పెట్టి, వైరింగ్ కట్టను కదిలిస్తూ తరంగాలు ఎక్కడ చెదురుతున్నాయో చూడాలి. ఈ పనిలో అసలు నైపుణ్యం ఇదే, ఓపిక పరీక్ష కూడా ఇదే.

ఇంట్లోనే సాధన చేయవచ్చు: క్యాన్ ట్రాన్సీవర్ (లైన్ మీద సందేశాలు పంపే, అందుకునే చిప్) ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు రెండు, మెలిపెట్టిన వైర్ల జత ఒకటి, 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. ఒక రెసిస్టర్ తీసేయమనండి. పొట్టి వైర్ మీద సందేశాలు బహుశా నడుస్తూనే ఉంటాయి, కానీ స్కోప్‌లో తరంగం అంచులు పాడవుతాయి. ఆ తేడా పట్టగలిగితే పని వంటబడుతున్నట్టే.

కొన్నాళ్లకి ఈ విద్య పాతబడిపోతుందేమోనని భయం వద్దు. క్యాన్‌ను బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. వేగం పెంచిన క్యాన్ ఎఫ్‌డీకి కూడా ఈ ఓమ్‌ల లెక్కే పనికొస్తుంది. ఒంటి వైరు లిన్, ఆటోమోటివ్ ఈథర్‌నెట్ అనే మిగతా నెట్‌వర్క్‌లు తర్వాత నేర్చుకోవచ్చు. ప్రోగ్రామింగ్ మీద ఇష్టముంటే యూడీఎస్ ప్రోటోకాల్ (స్కానర్, ఈసీయూ మాట్లాడుకునే పద్ధతి) నేర్చుకుని ఈసీయూ టెస్టింగ్ ఉద్యోగాల వైపూ వెళ్లవచ్చు.

కోర్సులో చేర్చే ముందు మూడు విషయాలు అడగండి. ప్రతి విద్యార్థి చేతికీ స్కోప్ ఇస్తారా? బండిలో కావాలని ఫాల్టు పెట్టి వెతకమంటారా? తెగిన క్యాన్ వైర్‌ను మెలిక చెడకుండా అతకడం నేర్పుతారా? స్కానర్ మెనూలు చూపించి సర్టిఫికెట్ ఇచ్చే చోటైతే ఆ డబ్బుతో మంచి మల్టీమీటర్, చిన్న స్కోప్ కొనివ్వండి.