రీసెట్ తర్వాత బ్యాకప్ కనబడకపోతే: నాకు ఎదురైంది, నేను చేసింది

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. ల్యాప్‌టాప్ రీసెట్ చేయించారు. అంతకుముందు విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సదుపాయంతో బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసి ఉంచారు. ఇప్పుడు డిస్క్ పెట్టి రీస్టోర్ నొక్కితే ఖాళీగా చూపిస్తోంది. లోపల వెతికితే ఫైళ్ళ పేర్ల వెనక ఏవో అంకెలు కనబడుతున్నాయి. అందులో మీ చెల్లి పెళ్ళి ఫొటోలు, నాన్నగారి రొయ్యల చెరువు లెక్కలు ఉన్నాయి. ఫైల్ హిస్టరీని మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుందా అని అడిగారు.

వద్దండి, ఇప్పుడే ఆన్ చేయకండి. పాతవన్నీ బయటికి తీసుకునేదాకా ఆ డిస్క్‌లో కొత్తగా ఏదీ రాయించకండి. ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి. అంకెలున్న ఆ ఫైళ్ళే మీ ఫొటోలు. ఎక్కడికీ పోలేదు, టెన్షన్ పడకండి.

నాకూ ఇలాగే అయింది. మాది ఆత్రేయపురం దగ్గర. 2022 జులై గోదావరి వరదల్లో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు, సామానుతో పాటు సీపీయూని కూడా పైకెక్కించాం. నీళ్ళు ఇంట్లోకి రాలేదు గానీ నాలుగు రోజులు కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆ తర్వాత ఆన్ చేస్తే విండోస్ రిపేరు స్క్రీన్ దగ్గరే తిరుగుతోంది. ఊళ్ళో రిపేరు చేసే అబ్బాయి రీసెట్ కొట్టి, అన్నీ తీసేయమనే ఆప్షన్ ఇచ్చాడు. బ్యాకప్ ఉందన్న ధైర్యంతో నేనే సరే అన్నాను. సాయంత్రం డిస్క్ పెడితే మీకు కనబడినట్టే ఖాళీ.

కారణం తర్వాత తెలిసింది. రీసెట్ అయ్యాక విండోస్ మన కంప్యూటర్‌కి కొత్త పేరు పెడుతుంది, డెస్క్‌టాప్ అనో ల్యాప్‌టాప్ అనో మొదలై వెనక ఏవో అక్షరాలూ అంకెలూ ఉంటాయి. బ్యాకప్ మాత్రం పాత పేరు మీద ఉంటుంది. కొత్త పేరుతో వెతికితే దొరకదు కదా.

అందుకే నేను చేత్తోనే తీశాను. డిస్క్ తెరిస్తే ఫైల్ హిస్టరీ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో మీ యూజర్ పేరు, దాంట్లో పాత కంప్యూటర్ పేరు, ఆ లోపల డేటా అనే ఫోల్డర్. డేటాలో సి, ఆ తర్వాత యూజర్స్, మళ్ళీ మీ పేరు, అక్కడికి వెళ్ళాక డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ అన్నీ వరసగా ఉంటాయి. మధ్యలో ఈ ఫోల్డర్ చూడ్డానికి పర్మిషన్ లేదు అని వస్తే కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి. ఫైళ్ళు ఎక్కువుంటే ఆలస్యమవుతుంది, మధ్యలో డిస్క్ పీకొద్దు. కట్ చేయకుండా కాపీ మాత్రమే చేయండి.

ఇక ఆ అంకెలు. ప్రతి ఫైలు పేరు వెనక బ్రాకెట్లో సంవత్సరం, నెల, తేదీ, టైము, చివర యూటీసీ అని ఉంటుంది. అది ఆ కాపీ బ్యాకప్ అయిన సమయం. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే టైము, మన టైముకి అయిదున్నర గంటలు వెనక. సాయంత్రం ఏడింటికి బ్యాకప్ అయితే 13_30 అని కనబడుతుంది. ఒకే ఫైలు నాలుగైదు తేదీలతో ఉంటే, మీరు దాన్ని మార్చిన ప్రతిసారీ ఒక కాపీ దాచిందన్నమాట. చెరువు లెక్కల్లాంటి వాటికి అన్నిటికన్నా కొత్త తేదీ ఉన్నది తీసుకోండి. అది తెరుచుకోకపోతే దాని ముందు తేదీది చూడండి. ఫొటోలను మనం మార్చం కాబట్టి చాలావరకు ఒక్కొక్కటే ఉంటాయి.

నేను ముందు వెతికింది ఒకే ఒక్క వీడియో. అమ్మ బోర్లించిన కుండ మీద పూతరేకు తీస్తున్నది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెండు క్షణాల్లో రేకు లేస్తుంది, అమ్మ దాన్ని చూడకుండానే వేళ్ళతో పక్కకి తీసి పెడుతుంది. ఇప్పుడు అమ్మ లేదు. పేరు వెనక ఆ అంకెలతోనే వీడియో తెరుచుకుంది, పొయ్యిలో కొబ్బరి డొక్కల చిటపట కూడా వినిపించింది. అందుకే మీ పరిస్థితి నాకు బాగా అర్థమైంది.

పేర్ల వెనక అంకెలు లేకుండా కావాలంటే విండోస్ దారి ఇంకోటి ఉంది, కానీ చేత్తో కాపీ అయ్యాకే అటు వెళ్ళండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి, సెలెక్ట్ డ్రైవ్ దగ్గర ఈ డిస్క్‌ని ఎంచుకుంటే, ఇందులో ఉన్న పాత బ్యాకప్‌ని వాడతాను అనే టిక్ బాక్స్ వస్తుంది. టిక్ పెట్టి పాత కంప్యూటర్ పేరు ఎంచుకోండి. తర్వాత రీస్టోర్ పర్సనల్ ఫైల్స్ నొక్కితే పచ్చ బటన్‌తో అన్నీ అసలు పేర్లతో వస్తాయి. కొందరికి ఆ టిక్ బాక్స్ రాదు. రాకపోయినా మీ కాపీ చేతిలో ఉంది కదా.

ఫైల్ హిస్టరీ అన్నీ దాచదు, ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను. మనం విడిగా చేర్చకపోతే యూజర్ ఫోల్డర్‌లో ఉండే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తీసుకుంటుంది. మా పూతరేకుల ఆర్డర్ల లెక్కలు డి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్‌లో ఉండేవి. రీసెట్‌లో అన్ని డ్రైవ్‌లూ తుడిచేశారు, బ్యాకప్‌లో అవి లేవు. రెండేళ్ళ లెక్కలు చేతి పుస్తకాలు ముందేసుకుని మళ్ళీ ఎక్కించాం. నాన్నగారి లెక్కలు ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అవి డాక్యుమెంట్స్‌లో ఉండకపోవచ్చు, ఆ డేటా ఎక్కడ పెట్టేవారో ముందు అడగండి. సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో కూడా ఇవాళే చూడండి. ఉంటే పాత ఫైళ్ళు అందులో దొరకొచ్చు, కానీ కొద్ది రోజులకే అది దానంతట అదే పోతుంది.

ఇంకొకటి, తెలుగు వాళ్ళకే వచ్చే చిక్కు. పాత వర్డ్ ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చిగా కనబడితే ఫైలు పాడైందనుకోకండి. అది అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో టైప్ చేసింది అయ్యుంటుంది, రీసెట్‌లో ఆ ఫాంట్లు పోయాయి, అంతే. ఫాంటు మార్చి సేవ్ చేయకుండా మూసేసి, అను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి తెరవండి. విండోస్ వాళ్ళ తెలుగు ఫాంటు గౌతమి లేదని వస్తే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే వస్తుంది.

కాపీ అంతా ఒకేసారి పెట్టకండి, మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జింగ్‌లో ఉంచి, ముందు పెళ్ళి ఫొటోలు, తర్వాత లెక్కలు, అలా ఒక్కో ఫోల్డర్ చొప్పున చేయండి. ఒకటి అవ్వగానే రెండు వైపులా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి. పెళ్ళి ఫొటోల్లో ఓ పది మధ్య మధ్యలోంచి తెరిచి చూడండి.

డేటా ఫోల్డర్‌లో సి పక్కన డి కూడా ఉందా, లోపల ఏమేం కనబడ్డాయో ఇక్కడే రాయండి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను, చూసి చెబుతాను.