ఉద్యోగం బ్యాంకాక్‌లో, ఖాతా కూకట్‌పల్లిలో

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్లుగా బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జీతంలో కొంత ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాకే పంపుతున్నాడు. వాడి పేర మియాపూర్‌లో ఫ్లాట్ కొంటున్నాం. రిజిస్ట్రేషన్‌కు రాలేనంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ ఖాతా సంగతి చూడండమ్మా. ఉద్యోగానికి విదేశం వెళ్లినవాళ్లు పాత ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఇక్కడి డబ్బు కోసం ఉండే ఖాతాగా, మార్చుకోవాలన్నది ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఈ మాట చెబితే "మావాడు అమెరికా వెళ్లలేదుగా సార్" అన్నవాళ్లే ఎక్కువ. థాయ్‌లాండ్ అయినా అంతే! జీతం పంపడానికి విడిగా ఎన్ఆర్ఈ ఖాతా, అంటే ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా, తెరవమనండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీలో మాత్రం 30 శాతం, ఆపైన సెస్సు ముందే కోసేస్తారు.

ఇక రిజిస్ట్రేషన్. తన తరఫున మీరు సంతకం చేసేలా మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి, బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి పంపమనండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. మా మేనల్లుడు పంపిన కాగితాన్ని మా అక్క బీరువాలో పట్టుచీరల కింద దాచి మరిచిపోయింది. గడువుకు రెండు రోజుల ముందు దొరికింది. ఆ టెన్షన్ మీకొద్దు.

అన్నట్టు, అక్కడ 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపాలి. చేస్తున్నాడో లేదో ఓసారి అడగండి.